తడ దాకా మోసుకెళ్లిన కథానాయిక గొంతు

గూడూరు నిమ్మకాయల మండీలో లారీ డ్రైవర్ల మీద రోజూ గొంతు చించుకునే నాకు, తడ దగ్గరి ఒక జపాన్ ఫ్యాక్టరీ నుంచి ఇంటర్‌ప్రెటర్ ఉద్యోగానికి పిలుపొచ్చింది. ఒకరోజు పని చేయించి చూస్తారు, నచ్చితేనే తీసుకుంటారు. నవలలు చదివి, సీరియళ్లు చూసి సొంతంగా నేర్చుకున్న జపనీస్ నాది. ఇది పోతే మళ్లీ మండీయే. ముందురోజు నుంచీ అన్నం సయించలేదు.

పొద్దున ఆరున్నరకు బండెక్కి, సూళ్లూరుపేటలో మారి, తొమ్మిదికల్లా తడలో దిగాను. టికెట్టుకు యాభై కూడా కాలేదు. దారి పొడవునా ఆ నవలల్లోని కథానాయికల మాటలు జపనీస్‌లో గొణుక్కుంటూనే ఉన్నాను. ఎదుటి సీటాయన కాసేపు చూసి, లేచి వేరేచోట కూర్చున్నాడు. స్టేషన్ బయట షేర్ ఆటో ముప్పై రూపాయలు.

"ఇంటర్వ్యూకా అక్కా?" అన్నాడు డ్రైవర్.

"అవునన్నా, తొందరగా పోనీ."

"గేటు యాడికీ పోదులే అక్కా."

లోపల సూపర్‌వైజర్ మోరి గారికి నమస్కరించి, జపనీస్ నవలల్లో ఆడవాళ్ల మాటల చివర వచ్చే 'వా', 'కషిరా' లాంటి మెత్తని తోకలన్నీ తగిలించి మాట్లాడాను. ఆవిడ నవ్వు ఆపుకున్నారు. "మా అమ్మ కూడా ఇలా మాట్లాడదు. పుస్తకంలో అయితే మాట్లాడేది ఆడమనిషని చదివేవాళ్లకు తెలియాలి. మీరు ఎదురుగానే ఉన్నారు కదా," అన్నారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

మధ్యాహ్నం లైన్ లీడర్ ఒకాయన బయటికి పోయే తలుపుకు అడ్డంగా అట్టపెట్టెలు పేరుస్తున్నాడు. మోరి గారు తీయించమన్నారు. నేను తెలుగులోనూ ఆ కథానాయికలాగే, వీలైతే కాస్త పక్కకు పెడతారా అని అడిగాను. ఆయన తలూపి ఇంకో పెట్టె పెట్టాడు. నాకు మండిపోయింది.

"ఏందన్నా, తలుపు మూసేస్తే మంటలొచ్చిన నాడు యాడ్నించి పోతారు మీరంతా? ముందు తియ్యి."

"తీస్తాన్లే అక్కా, ఎందుకట్టా అరస్తావు."

మోరి గారు నా వైపు తిరిగారు. "ఇప్పుడు మాట్లాడింది ఎవరు?"

"నేనేనండీ."

"నాకు ఆవిడతోనే పని. ఆవిణ్ణి జపనీస్‌లోకి కూడా తీసుకురండి."

సాయంత్రం వెళ్లేటప్పుడు, సోమవారం నుంచి రమ్మన్నారు.

తిరుగు రైల్లో సంతోషంతో పాటు చిన్న కోపం కూడా. 'ఆడపిల్లలా మాట్లాడవే' అని చిన్నప్పట్నుంచీ అమ్మ పోరు. ఆ మాట తెలుగులో ఒక్కనాడూ వినని నేను, ఎవరూ అడగని జపనీస్‌లో బుద్ధిగా విన్నాను. ఇలాంటి ఉద్యోగానికి బయల్దేరేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: నవలలు చదవండి, కానీ వెళ్లే ముందు ఒక వారం, జపాన్‌లో మామూలు ఆడవాళ్లు తీసే వంట, షాపింగ్ వీడియోలు వినండి.

నాయుడుపేట దాటాక అమ్మ ఫోన్ చేసింది. ఉద్యోగం వచ్చిందన్నాను.

"చూసినావా, నెమ్మదిగా మాట్లాడితే పనులెట్టా అవుతాయో."

సరేనని ఊరుకుందామనుకున్నాను, కుదర్లేదు.

"అరిస్తే ఇచ్చినారు మా," అన్నాను, రైలు పెట్టెంతా వినేలా.