మెత్తని సీటు బండి

జగ్గయ్యపేట నుంచి నందిగామ కోర్టులో పనికి రోజూ పాత బండి మీద వెళ్లి మా ఆయనకు నడుంనొప్పి పట్టుకుంది. కొత్తదానికి షోరూముకు వెళితే, మాకు అందే ధరలో రెండు కనిపించాయి. ఒకటి మైలేజీ ఎక్కువ ఇస్తుంది, రెండోదాని సీటు మెత్తన.

"దువా చేసి చెప్పు. నువ్వేదంటే అదే," అన్నారు ఆయన.

బండి నడపడమే రాని నేను రోజూ నమాజు తర్వాత ఏది కొనాలో చెప్పమని అల్లాకు దువా చేశాను. ఏమీ తోచలేదు.

"నీ జవాబుకన్నా షోరూము ఫోన్లే ముందొస్తన్నాయి," అని నవ్వేవారు.

చివరికి మెత్తని సీటుదే అన్నాను. అది నా ఆలోచనేనని చెప్పినా ఆయన నమ్మలేదు.

అదే కొన్నా నొప్పి తగ్గలేదు. "అల్లా చెప్పిన బండి, తగ్గుద్దిలే," అంటారు. ఆయన సాయంత్రం క్షేమంగా ఇల్లు చేరగానే అల్లాకు షుకర్ చెప్పుకుని, ఆ నడుం కోసం మళ్లీ దువాకు కూర్చుంటాను.