అవుసలాయన రోట్లో నూరిన రాయి

ఆ ఏడు వానలు మొండికేశాయి. మోర్తాడ్ దగ్గర మా ఊళ్ళో పసుపు చేను వాడిపోతోందని మా అన్న బావిని ఇంకా లోతుకు తవ్విస్తున్నాడు. అడుగున మెరిసే రాయి తగిలింది. అంతే, బంగారమేమోనని తవ్వకం ఆపేసి, కూలీలను ఇళ్ళకు పంపి, నాకు కబురు పెట్టాడు. నేను బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో చెరకు రసం పరీక్షించేవాణ్ణి. రసం తెలిసినవాడికి రాయి తెలియకుండా పోదని అన్నకు నమ్మకం.

నాకూ పొగరు తక్కువేమీ కాదు. ఆ మెరుపు వట్టి కాకిబంగారమని, అసలు బంగారం ఉంటే కంటికి ఆననంత సన్నగా ఉంటుందని ఊళ్ళో ఉపన్యాసం దంచాను. నిజామాబాద్‌లో నగలు చేసే, తెలిసిన అవుసలాయన దగ్గర ఇనుప రోలు, కడిగే పళ్ళెం అడిగి తెచ్చాను. రాయిని పిండిలా నూరి, పళ్ళెంలో నీళ్ళతో తిప్పుతూ తేలిక మట్టిని వదిలించాను. అడుగున మిగిలిన బరువైన ఇసుకలో పాదరసం కలిపాను. బంగారం ఉంటే అది పట్టుకుంటుంది. ఆ పాదరసాన్ని, బంగారాన్ని మాత్రం ముట్టని ఆమ్లమైన తేజాబ్‌లో కరిగించి భూతద్దం పెట్టి చూస్తే, ఆవగింజలో పదో వంతు లేని నలుసు! కాలిస్తే పచ్చగా తేలింది.

అన్న నన్ను కౌగిలించుకున్నాడు. ఇక బావిలో ఎవరూ దిగొద్దన్నాడు. మేమిద్దరం మాటల్లోనే మేడలు కడుతుంటే, వదిన మాత్రం ఊరి చేదబావి నుంచి బిందెలతో నీళ్ళు మోసి పసుపు మొక్కలకు పోస్తోంది. మూడోనాడు ఆమె బిందె దించి, గోడ పక్కన పడున్న ఇటుక ముక్క తెచ్చి నా ముందు పెట్టింది.

“గీ ఇటుకను గూడ గట్లనే నూరి కడుగు. ఏమొస్తదో సూద్దాం.”

నవ్వుతూనే నూరాను, కడిగాను, పాదరసం కలిపాను. చివర మళ్ళీ అదే నలుసు. పాత మూసలను, కొట్టు ఊడ్చిన దుమ్మును అవుసలాయన ఆ రోట్లోనే దంచి బంగారం తీసుకుంటాడు. దాని గరుకులో ఇరుక్కున్న పొడే నాకు దొరికింది. ముందు వట్టి సామాన్లతో ఒకసారి చేసి చూడడమన్నది ల్యాబులో నేను రోజూ చేసే పనే. నా మొహం మండ, ఇంటికొచ్చి మరిచాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

అన్న ఇటుక పొడిని కాలితో పక్కకు నెట్టాడు. “పోనీ తియ్యి తమ్మీ, గడ్డపార అందుకో” అని బావిలోకి దిగాడు. వెనకే నేనూ దిగాను.

మళ్ళీ తవ్వడం మొదలెట్టిన నాలుగోనాడు ఊట పడింది. అన్న, నేను అడుగున చిన్నపిల్లల్లా నీళ్ళు చల్లుకున్నాం. పైకొచ్చి చూస్తే వదిన చేని గట్టున కూర్చుని, అరచేతులు ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది. చేదతాడుకు తోలు లేచిపోయిన చేతులు. ఆ వారమంతా ఆ చేతులతోనే నాకు అన్నం పెట్టింది. నేను చూడనేలేదు.