మరకలక్క కళ్లబడ్డ తోకచుక్క

ఆమె అసలు పేరు ఇంట్లోవాళ్లే మరిచిపోయారు. అందరికీ మరకలక్కే. పాతికేళ్లుగా డ్రైక్లీనింగ్ షాపులో ఆమెది ఒకటే పని: వచ్చిన ప్రతి బట్టనూ కిటికీ వెలుగులో పట్టుకుని, మరక ఉన్నచోట సుద్దముక్కతో సున్నా చుట్టడం. మచ్చన్నది లేదని ఒట్టేసి ఇచ్చిన కోటు మీద కూడా మూడు సున్నాలు తేలేవి. చుట్టాలు ఆమె ఎదుట కూర్చునేముందు ఒకసారి చొక్కా చూసుకునేవారు.

ఆ ఏడాది, అయిదున్నరేళ్లకోసారి సూర్యుణ్ణి చుట్టి వచ్చే ఒక తోకచుక్క భూమికి బాగా దగ్గరగా వస్తోందని పేపర్లో పడింది. ఆమె మరిదికి కాలు నిలవలేదు. బైనాక్యులర్స్ కొని, మేడమీద కుర్చీ వేసుకుని, మెడ పట్టేసేదాకా నాలుగు రోజులు వెతికాడు. తోకా లేదు, చుక్కా లేదు.

అయిదో రోజు రాత్రి భోజనాలయ్యాక, ఆరేసిన బట్టలు తీయడానికి ఆమె మేడెక్కింది.

"దొరికిందా?"

"దగ్గరికొస్తే ఇంత పెద్దగా మెరవాలి కదా వదినా! పేపరువాళ్లు కోతలు కోశారు."

ఆమె దుప్పటి మడతపెడుతూ పైకి చూసి ఆగిపోయింది.

"అదేంటి, అక్కడ మరకలా ఉంది?"

"మబ్బేమో."

"మబ్బైతే కదలదూ? సూటిగా చూడకు, కనిపించదు. ఆ పక్క నక్షత్రాన్ని చూడు, ఓరకంట ఇది తెలుస్తుంది. పాలమరకలూ అంతే, తిన్నగా చూస్తే దాక్కుంటాయి."

మరిది బైనాక్యులర్స్ దించి పక్కకు చూశాడు. చేయి చాచి పట్టుకుంటే బొటనవేలంత వెడల్పున పల్చటి తెల్లటి మసక. మరీ దగ్గరికి రావడం వల్లే అది అలా పరుచుకుని వెలవెలబోయిందని మర్నాడు సైన్సు మాస్టారు చెప్పాడు.

రెండో సాయంత్రానికి వీధి వీధంతా వాళ్ల మేడ మీదే ఉంది. ఆమె ఒక్కొక్కరి గడ్డం పట్టుకుని తల పక్కకు తిప్పింది. ఎవరి మాటా వినని ఎదురింటి ప్లీడరు గారి గడ్డాన్నీ వదల్లేదు.

మరిది ఉబ్బితబ్బిబ్బై పేపరుకు ఉత్తరం రాశాడు. వాళ్లు వేశారు కూడా: 'తోకచుక్కను గుర్తించిన గృహిణి'.

"గృహిణా? పాతికేళ్లుగా నేను షాపుకెళ్తోంది షికారుకా?"

"వాళ్లు మార్చేశారు వదినా, నేను కాదు!"

"అయితే మళ్లీ రాయి."

రాశాడు. వారం తర్వాత లోపలి పేజీలో ఓ మూల సవరణ పడింది, రెండే లైన్లు. అన్నం ముందు కూర్చున్న అందరూ వినేలా ఆమె మరిది చేత దాన్ని గట్టిగా చదివించుకుంది. 'ఉద్యోగిని' అన్నచోట ఆపి, మళ్లీ మొదటినుంచి చదవమంది.