గాలి పోయేదాకా

వాల్వు తిప్పడం కూడా ఒక విద్యేనని ఒప్పుకోవడానికి నాకు ఒక గ్రీన్ మునిగిపోవలసి వచ్చింది. గ్రీన్ అంటే గోల్ఫ్ మైదానంలో జెండా పాతి ఉండే గుండ్రటి పచ్చిక. దాన్ని పసిపిల్లను పెంచినట్టు పెంచుతారు.

సికింద్రాబాద్‌లో ఒక గోల్ఫ్ కోర్సుకు నీళ్ళు పెట్టే లైన్లు చూసుకోవడం నా మొదటి పెద్ద ఉద్యోగం. చేతిలో సివిల్ డిప్లొమా ఉండేది, నోరు దానికంటే పెద్దది. తెల్లవారుజామున అయిదింటికి పద్మారావు నగర్‌లో స్కూటీ తీసి పంప్‌హౌస్ చేరేసరికి ఒక పెద్దాయన అప్పటికే వచ్చి కూర్చుని ఉండేవాడు. ఆ పైపులన్నీ ఆయన చేతి మీదుగా పడ్డవే. ఆయన ఉద్యోగం మాత్రం కాంట్రాక్టు మీద, ఏటేటా కాగితం మార్చాల్సిందే. మావాళ్ళు గోదావరి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళు కాబట్టి ఆయన్ని బాబాయ్ అని పిలిచాను.

"మా దిక్కు కాకా అంటరు మేడమ్. గిది సుత మంచిగనే ఉంది తీయుండ్రి," అన్నాడు.

రాత్రి పంపు ఆపేశాక పల్లంలో ఉన్న స్ప్రింక్లర్ల గుండా నీళ్ళు కారిపోయి, మిట్ట మీది పైపుల్లోకి గాలి చేరుతుంది. పొద్దున ఒక్కసారిగా నీళ్ళు వదిలితే అవి ఆ గాలిని తరుముకుంటూ పోయి ఏదో ఒక జాయింటును గుద్దుతాయి. జాయింటు పగలనైనా పగులుతుంది, చెమ్మ పట్టడమైనా మొదలవుతుంది. ఇదంతా నేను చదువుకున్నదే. పరీక్ష రాసి మర్చిపోయాను.

ఆయన మర్చిపోలేదు. వాల్వు మీద పొడుగాటి ఇనుప కీ తగిలించి, రెండు చుట్లు తిప్పి ఆపేవాడు. కీ అక్కడే వదిలేసి మిట్ట దాకా నడిచి, గాలి పోవడానికి పెట్టిన కుళాయి విప్పి, దాని మూతికి అరచెయ్యి ఆనించి నిలబడేవాడు. కుళాయి ముందు ఉస్సుమనేది, తర్వాత దగ్గేది, ఆ తర్వాత నీళ్ళూ గాలీ కలిపి ఉమ్మేది. ధార తొణక్కుండా నిలబడ్డాకే కుళాయి కట్టేసి వెనక్కి వచ్చి ఇంకో రెండు చుట్లు. మళ్ళీ ఇంకో మిట్టకు నడక. మొత్తం నాలుగు మిట్టలు, దాదాపు గంట.

"అయిదు నిమిషాల పనికి గంటా బాబాయ్?" అని రోజూ సణిగేదాన్ని.

"గాలి పోవాలె మేడమ్. జెర ఆగుండ్రి."

ఆయన చేతిలో మెయిన్ లైను ఒక్కసారి కూడా పగల్లేదని అందరూ చెప్పేవారు. నేను దాన్ని అదృష్టం అనుకున్నాను. కారని పైపును చూసి శభాష్ అనాలని ఎవరికి తడుతుంది!

మే నెల వచ్చింది. ఎండలు దంచేస్తున్నాయి, టోర్నమెంటు దగ్గరపడింది. క్లబ్బు సెక్రటరీగారు నన్ను పిలిచారు.

"ఆటకు వచ్చే టైమ్‌కి కూడా నీళ్ళు పడుతూనే ఉన్నాయి. ఆ పెద్దాయన బాగా స్లో అయిపోయాడు. ఈసారి కాగితం మార్చాలో వద్దో మీరే చెప్పాలి."

"అంత టైమ్ అక్కర్లేదు సార్, రేపే చూపిస్తాను," అన్నాను. ఎంత సులువుగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మర్నాడు ఆయన రెండు చుట్లు తిప్పి వెళ్ళి మిట్ట చేరగానే, నేను కీ పట్టుకుని చివరిదాకా తిప్పేశాను. నిమిషం కూడా పట్టలేదు. చేతులు దులుపుకునేలోపు నేల లోపల ధన్‌మని ఒక గుద్దు. పరిగెత్తి వెళ్ళేసరికి ఏడో గ్రీన్ పక్కన నీళ్ళు మనిషి ఎత్తుకు చిమ్ముతున్నాయి. పచ్చిక సగం బురద కింద ఉంది. ఆయన ఒళ్ళంతా తడిసి, కుడి అరచెయ్యి ఎడమ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. కుళాయి కొట్టిన దెబ్బకు అది కందిపోయింది.

సెక్రటరీగారు వచ్చి బురదను చూశారు, ఆయన్ని చూశారు, ఇంకేమీ అడగలేదు. "వాల్వు పని ఈయనదేగా. మేడమ్, రిపోర్ట్ రాసివ్వండి. ఇంక కాగితం మార్చే పని లేదు."

నా నోరు పెగల్లేదు. అంత పెద్దదని చెప్పుకున్నానే, ఆ నోరే.

సెక్రటరీగారి కారు కదిలాక ఆయన నా వైపు తిరిగాడు. మేడమ్ అనే మాట పోయింది.

"నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా? గిన్నేండ్ల సంది ఒక్క జాయింటు పోలే. గిప్పుడు గిది నా పేరు మీద రాస్తవా?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ బురద కాళ్ళతోనే ఆఫీసుకు వెళ్ళి, తిప్పింది నేనని చెప్పాను. నాకు మెమో ఇచ్చారు. "మరి ఆయన కాగితం?" అని సెక్రటరీగారు అడిగారు. "మార్చండి సార్. ఆయన లేకపోతే ఈ లైను నా వల్ల కాదు," అన్నాను. అది మర్యాదకు అన్న మాట కాదు, నిజం.

ఆ మధ్యాహ్నం ఆయన రిపేరు చేస్తుంటే గుంత పక్కనే కూర్చున్నాను. పగిలిన ముక్క కోసేసి, పాత బనీను గుడ్డతో పైపు చివరలను తడి లేకుండా తుడిచాడు. ఎంత లోపలికి దిగాలో గీత గీసుకున్నాడు. గమ్ము రాసి, తోసి, కొద్దిగా మెలితిప్పి, అలాగే అదిమి పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. కనుబొమ్మ మీద ఈగ వాలింది. ఆయన కదల్లేదు. ఆ కందిన చెయ్యి కూడా వణకలేదు. ఎంత అందంగా ఉందో ఆ పని! పూజ చేసేటప్పుడు కూడా మా ఇంట్లో ఎవరూ అంత శ్రద్ధగా కూర్చోగా చూడలేదు.

మన్ను మాత్రం పూడ్చనివ్వలేదు. పూర్తిగా ఒక దినం ఆరాలి, నీళ్ళు వదిలి చూడాలి, అప్పుడే మన్ను అన్నాడు. ఆటకు వచ్చినవాళ్ళు గుంతను చూసి విసుక్కుంటే ఈసారి సర్దిచెప్పింది నేను. గ్రీన్లను ఆ ఒక్కరోజూ ట్యాంకరుతో తడిపాం.

మూడోరోజు పొద్దున ఇద్దరం మళ్ళీ పంప్‌హౌస్ దగ్గర కలిశాం. ఇకమీదట ఆయన కీ వెంట తీసుకుపోతాడనే అనుకున్నాను. తీసుకుపోయినా తప్పు పట్టేదాన్ని కాదు. ఆయన వాల్వు రెండు చుట్లు తిప్పాడు. కీ దానికే వదిలేశాడు. గుడ్డ చుట్టిన చెయ్యి కుళాయికి ఆనించడానికి మిట్ట వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆయన వచ్చేదాకా అలాగే కూర్చున్నాను.