దుకాణానికి పనికొచ్చిన ఫికర్

మా ఇంట్లో పనుల పంపకం పుట్టుకతోనే అయిపోయింది. అన్నకు నోరుంది కాబట్టి గిరాకీలు ఆయనవి. నాకు భయముంది కాబట్టి వాన నాది. అఫ్జల్‌గంజ్‌లో మాది ఎండుమిర్చి హోల్‌సేల్ దుకాణం. వెనక గోదాం మూసీ వైపు పల్లంలో ఉంటుంది. మిర్చికి తడి తగిలితే బూజే. మబ్బు పట్టగానే, అమ్మ మాటల్లో మొగులైతే, బస్తాలు మేడమీదికి ఎక్కించాలా వద్దా అని చెప్పాల్సింది నేను. నాకు ముందు, బతికున్నన్నాళ్ళూ మా బాపు చెప్పేవాడు.

నేనెప్పుడూ ఎక్కించమనే అనేవాణ్ణి. చాలాసార్లు చినుకైనా రాలేది కాదు. హమాలీలు నాకు వినబడేలాగే తిట్టుకునేవాళ్ళు. ఒక్క ఏడు మాత్రం నిజంగానే గోదాంలో మోకాళ్ళలోతు నీళ్ళొచ్చాయి. మా సరుకు పైన పొడిగా ఉంది. ఇక చూసుకోండి, బజారంతా కలిసి నన్ను వాన ఆఫీసును చేసేసింది. పక్క దుకాణం ఆయన పొద్దున్నే చాయ్ పట్టుకొచ్చి, "క్యా భాయ్, ఆజ్ పానీ పడ్తా క్యా?" అని వాన సంగతి అడిగేవాడు. పిరికివాడికి అంత మర్యాద దొరకడం నేనెక్కడా చూడలేదు. నేనూ కాలరెగరేశాను, దాపరికమెందుకు.

కొన్నాళ్ళకు భయం మబ్బుల్ని దాటిపోయింది. ఎండ కాసినా భయమే. భార్య ఫోన్ ఎత్తకపోతే భయం, వెంటనే ఎత్తితే ఏమైందోనని భయం. అన్నం సహించలేదు. దుకాణంలో గద్దె మీద కూర్చుంటే గుండె దడదడలాడి చేతులు చల్లబడేవి. గుండెపోటేనని రెండుసార్లు ఆటోలో ఆసుపత్రికి పరిగెత్తాను. ఈసీజీ శుభ్రంగా వచ్చింది. ఆ కాగితం పట్టుకుని కూడా ఏడ్చాను. ఇంట్లోవాళ్ళు మాత్రం "అచ్చం వాళ్ళ బాపే, దుకాణం మీద మస్తు ఫికర్" అని చుట్టాలకు గొప్పగా చెప్పుకున్నారు.

చివరికి భార్యే నన్ను మానసిక వైద్యురాలి దగ్గరికి లాక్కెళ్ళింది. డాక్టరమ్మ అంతా విని, "ఫికర్ చేసుడు మీ గుణం. అది రోగం కాదు. కానీ ఆ గుణం ఉన్నోళ్ళను ఈ రోగం జల్ది పట్టుకుంటది. మిమ్మల్ని పట్టింది. గుణాన్ని ఉండనియ్యండి, రోగానికి మందేద్దాం" అంది. ఇంతకాలం నేను ప్రతిభ అనుకున్నదానికి ఆమె మందుల చీటీ రాసిచ్చింది.

రెండు నెలలకు అన్నం రుచి తెలిసింది. జూన్‌లో ఒక మధ్యాహ్నం మబ్బులు కమ్ముకున్నాయి. దుకాణంలో అందరూ నా ముఖం చూశారు. నేను సమోసా నములుతూ, "పడితే చూద్దాం తియ్" అన్నాను. అన్న ముఖం అప్పుడు చూడాల్సింది. ఆ రోజు వాన పడలేదు కూడా.

ఆ ఆదివారం జహనుమాలో, మా ఇంట్లో భోజనాల దగ్గర అన్న గొంతు సవరించుకున్నాడు. "అరే, ఆ గోలీలు వానకాలం అయ్యేదాంక బంద్ పెట్టరాదు? దసరా అయినంక మళ్ల ఏస్కో. ఎవలొద్దన్నరు?"

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. అయినా "సరే" అనబోయాను. అంత సిగ్గులేనివాణ్ణి. భయం లేకపోతే ఆ దుకాణంలో నేనెందుకో నాకే తెలియదు.

పప్పు వడ్డిస్తున్న అమ్మ చెయ్యి ఆగింది. "మీ బాపు వానకాలమంతా సక్కగ తినకపోతుండె. ఛాతి పట్టుకొని కిటికి కాడ కూసుంటుండె. గదే జాగ్రత్త అనుకున్న నేను" అంది. తర్వాత నన్ను అడిగింది. "ఈ గోలీలు అప్పుడు గూడ ఉండెనా?"

అబద్ధం చెబుదామని గట్టిగా అనిపించింది. "ఉండె అమ్మా" అన్నాను.

ఆమె నా పళ్ళెంలో పప్పు వేసింది. ఆ తర్వాత అన్న వైపు తిరిగింది.

"వాడు గోలి ఏస్కుంటడు. మొగులైతే నువ్వు భయపడు."