మెరుగు పెట్టించిన వాచీ

వాషింగ్ మెషిన్ కోసం దాచిన డబ్బు తీసుకెళ్లి, సముద్రంలో మునిగేవాళ్లు పెట్టుకునే పాత వాచీ కొన్న మగాడు గల్ఫ్‌లో మేముండే సీబ్ ఊరు మొత్తం మీద నేనొక్కణ్ణే. ఆ రికార్డు ఇప్పటికీ నాదే. నాకు ఈత కూడా రాదు.

రెండువేల ఎనిమిది ప్రాంతం. నేను శానిటరీ సామాన్ల షాపులో సేల్స్‌మన్‌ని, మా ఆవిడ క్లినిక్‌లో నర్సు. డ్యూటీ నుంచి వచ్చి ఇద్దరి బట్టలూ చేత్తో ఉతికేది. సబ్బు నీళ్లలో నానీ నానీ వేళ్లు పగిలేవి. ఆ డెబ్బై రియాళ్లూ ఆమె ఓవర్‌టైమ్ చేసి దాచినవి.

మా షాపుకి కుళాయిల కోసం ఒక ఇంగ్లిష్ ఇంజనీరు వచ్చేవాడు. ఆయనకి పాత డైవింగ్ వాచీలంటే పిచ్చి. కనబడితే తనకే చెప్పమనేవాడు.

ఒక శుక్రవారం మెషిన్ కొనే డబ్బు జేబులో పెట్టుకుని బయల్దేరితే, చేపల మార్కెట్లో, వంజరం కోస్తున్న ముసలాయన చేతికి అలాంటి వాచీ! ఇంజనీరే గుర్తొచ్చాడు. ఆశ మొహంలో తేలనిస్తే కొట్టువాడి కొడుకుని ఎలా అవుతాను? ముందు చేప బేరమాడి, తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు అడిగాను.

"బాబా, ఆ వాచీ నడుస్తుందా?"

"నాకన్నా బాగా నడుస్తుంది," అన్నాడు హిందీలో. "మా పెద్దాడు పుట్టినప్పుడు ఒక డైవర్ ఇచ్చాడు. ఇప్పుడు వాడి గడ్డమే నెరిసింది."

చేతిలోకి తీసుకున్నాను. అద్దం లోపల చెమ్మ లేదు. నీళ్లు చొరకుండా కీ మర గట్టిగా బిగుసుకుంటోంది. చుట్టూ ఉన్న రింగు తిప్పితే టకటకమని గీత గీతకీ ఆగుతోంది. కాకపోతే రింగు నలుపు బూడిద రంగుకి తిరిగింది, డయల్ గుర్తుల మీదా ముళ్ల మీదా పూత మీగడలా పసుపెక్కింది. దొరికింది పాయింటు!

"వెలిసిపోయింది బాబా."

"నేనూ వెలిసిపోయాను. నన్ను కొనమన్నానా?"

వంద అన్నవాడు అరవైకి దిగి "ఖలాస్" అన్నాడు. పైగా చేప ఊరికే ఇచ్చాడు.

రూమ్‌కొచ్చి దుప్పటి ముసుగేసుకున్నాను, చీకట్లో ముళ్లు వెలుగుతాయేమో చూద్దామని.

"జ్వరమా అండీ?" అంది మా ఆవిడ.

విషయం చెప్పాను. చేప ముక్క కింద పెట్టింది.

"రెండింతలొస్తాయే! పెద్ద మెషినే కొందాం."

"రాకపోతే?"

"బట్టలు నేనుతుకుతా."

"సబ్బు ఎక్కడుంటుందో తెలుసా మీకు?"

ఇక్కడే మా కొట్టు నన్ను ముంచింది. మా నాన్నది ఇత్తడి సామాన్ల వ్యాపారం. పాత బిందె మారుబేరానికి వస్తే చింతపండుతో తళతళలాడేలా తోమించందే అరల్లోకి ఎక్కనిచ్చేవాడు కాదు. "మురికి సరుక్కి ముష్టి ధర రా" అనేవాడు. అంచేత వాచీకి రిపేరు షాపులో ఏడు రియాళ్లిచ్చి మెరుగు పెట్టించాను. ఇంకో మూడు పెట్టి కొత్త రింగు, కొత్త ముళ్లు వేయించాను. పాతవి నా చేత్తోనే చెత్తబుట్టలో వేశాను. అద్దంలా మెరిసింది!

ఇంజనీరు చిన్న భూతద్దం కంటికి బిగించి చూశాడు. అటూ ఇటూ తిప్పి పెదవి విరిచాడు. ధర తగ్గించే ఎత్తులే అనుకుని లోలోపల మురిసిపోయాను.

"లోపలి యంత్రం అసలుదే. కానీ దీని మొహం కడిగిందెవరు?"

"నేనే," అన్నాను గర్వంగా.

"పాత ముళ్లేవి? రింగేది?"

"పారేశాను."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. మెరుగుకి అంచులు అరిగిపోయాయట. డయల్ మీది పసుపు గుర్తుల మధ్య తెల్ల ముళ్లు, ముసలాయన నోట్లో కట్టుడు పళ్లలా ఉన్నాయట. నేను వంకలు పెట్టి ధర దించిన ఆ వెలిసిన రంగులే దాని విలువట!

"ఉన్నదున్నట్టు తెస్తే కళ్లు మూసుకుని రెండొందలిచ్చేవాణ్ణి. ఇప్పుడు నలభై."

గింజుకుని గింజుకుని నలభై అయిదుకి లాగాను.

ఇక లెక్క. వాచీకి అరవై, సోకులకి పది, మొత్తం డెబ్బై. వచ్చింది నలభై అయిదు, పోయింది పాతిక. ఆ పాతికా మళ్లీ కూడి మెషిన్ వచ్చేదాకా బట్టలు నేనే ఉతికాను. కూలి కట్టి నష్టంలో తగ్గించమంటే, తెల్ల యూనిఫారాన్ని నీలంగా మార్చినందుకు కూలి కోసేసి, ఎదురు రెండు రియాళ్లు నా మీదే వేసింది మా ఆవిడ. అంటే ఇరవై ఏడు. ఊరికే వచ్చిన చేపకి ఒక రియాల్ తీసేస్తే, నికరంగా ఇరవై ఆరు.