లక్ష్మణమ్మ అంగిలి

నెల్లిమర్ల దగ్గరి ఒక ఊళ్ళో, గోగు కట్టలు ఊరబెట్టిన గుంటలో మొలలోతు నీళ్ళలో నిలబడి లక్ష్మణమ్మ తన మరిదిని కొట్టిన కొట్టుడు ధనలక్ష్మి ఈ జన్మలో మరచిపోదు. మరిదంటే ధనలక్ష్మి మొగుడే, పోతురాజు. నార ఒలవడం ఆలస్యమైందని పెళ్ళాం జుట్టు పట్టి తల నీళ్ళలో ముంచాడు. ఒకసారి ముంచి తీశాడు, మళ్ళీ ముంచాడు. గట్టు మీద నలుగురు మగాళ్ళున్నారు. మొగుడూ పెళ్ళాల గొడవ మనకెందుకని చూస్తూ కూర్చున్నారు, గొప్ప మగాళ్ళు. తోటికోడలు లక్ష్మణమ్మ మాత్రం గోగుకర్రల కట్ట ఎత్తి అతని చెవి మీద ఒక్కటిచ్చింది. పడ్డవాణ్ణి లేవనివ్వకుండా ఇంకోటిచ్చింది. గుంట నీళ్ళు ఎర్రబడ్డాయి.

అంతసేపూ ఆవిడ నోట్లో చుట్ట ఉంది. అడ్డపొగ. ఆ పక్క ఆడవాళ్ళు నిప్పున్న కొస నోటి లోపలికి పెట్టుకుని కాలుస్తారు. గాలికి ఆరదు, నీటికి తడవదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. ఆ నిప్పు నోట్లో ఉండగానే చెప్పింది.

"ఇంకోపాలి దాని మీద సెయ్యేస్తే నిన్నూ ఈ గోగుతోపాటే ఊరబెట్టీగల్ను. ఏటనుకున్నావో."

పోతురాజు మళ్ళీ చెయ్యెత్తలేదు. వదిన బతికున్నన్నాళ్ళే ఆ భయం అని ధనలక్ష్మికి తెలుసు. అందుకే లక్ష్మణమ్మ అంగిట్లో పుండు లేచినప్పుడు ఆవిడకంటే ముందు ధనలక్ష్మి వణికింది.

మొదట తెల్లటి మచ్చ. ఆవకాయ తగిలితే మంట. తర్వాత మెత్తటి అన్నం తగిలినా నెత్తురు. ఆరోగ్య కేంద్రం నర్సమ్మ టార్చి వేసి చూసి, విశాఖ పెద్దాసుపత్రికి వెళ్ళి పుండులోంచి ముక్క తీయించి పరీక్ష చేయించుకోమంది, జాగు చేస్తే ఎముకకు పాకుతుందంది. పోతురాజు అడ్డం పడ్డాడు. పుండుకు కత్తి తగిలితే ఒళ్ళంతా పాకుతుందన్నాడు. ఊరంతా అదే మాట. మనుషులకు భయపడని లక్ష్మణమ్మ కత్తికి భయపడింది, ఆ మాట నమ్మింది. మూడు నెలలు పసరు మందువాడి దగ్గర నోరు తెరిచి కూర్చుంది. వాడు పూసిన నల్లటి పసరు కండను తినేసింది. ఒకనాడు తింటూండగా పన్ను ఊడి కంచంలో పడింది, చీముతో సహా.

ఆ పన్ను కొంగున కట్టుకుని, రోకలి భుజాన వేసుకుని వెళ్ళి వాడి కుండలన్నీ పగలగొట్టింది. వాడు అడ్డం పెట్టిన చెయ్యి కూడా విరిగింది. అటునుంచి అటే విశాఖ బస్సెక్కింది. ధనలక్ష్మి వెంట నడిచింది. మొగుణ్ణి అడగకుండా ఊరు దాటడం ఆమెకు అదే మొదలు.

ముక్క తీస్తే పాకదనీ, తీస్తేనే అదేమిటో తెలుస్తుందనీ డాక్టరమ్మ అనూరాధ చెప్పింది. ముక్క తీసిన పది రోజులకు పరీక్ష కాగితం వచ్చింది. క్యాన్సరే. ఏళ్ళ తరబడి పొగా నిప్పూ తగిలిన చోటే పుట్టింది. మెడ గ్రంథుల్లోకి ఇంకా దిగలేదు గనక కోసి తీసేస్తే బతకవచ్చు, కాని అంగిలి సగం పోతుందన్నారు. నోట మాట ఉంటాదా అని మాత్రం అడిగింది లక్ష్మణమ్మ.

కోశారు. ఎడమ పక్క పళ్ళూ ఎముకా తీసేశారు. ఆ తర్వాత వారానికి అయిదు చొప్పున ఆరు వారాలు రేడియేషన్, ఊరివాళ్ళ మాటలో కరెంటు, పెట్టారు. బుగ్గ లోపలంతా ఉడికి పొరలుగా ఊడింది, ఉమ్ము ఎండిపోయింది, తాగిన గంజి ముక్కులోంచి కారింది. ఆ కోపంలో గ్లాసు విసిరితే నర్సు నుదురు చిట్లింది. మర్నాడు ఆ నర్సే కట్టుతో వచ్చి గొట్టంలో గంజి పోసింది. పుండు మానాక అంగిలి కన్నాన్ని మూసే ప్లేటు చేసి ఇచ్చారు. పెట్టుకుంటే మాట మాటలాగే వస్తుంది. తీస్తే గాలంతా ముక్కులోకి పోయి ఒక్క ముక్క తెలియదు. అయిదేళ్ళు చూపించుకుంటూ ఉండమన్నారు.

ఇద్దరూ ఇంటికి వచ్చిన మర్నాడు లక్ష్మణమ్మ కుళాయి దగ్గర ప్లేటు తీసి కడుక్కుంటోంది. ఎముకల గూడులా ఉంది మనిషి. పోతురాజు అదే అదును చూసి, అడక్కుండా పోయిన పెళ్ళాం జుట్టు పట్టాడు.

"సెప్పు వదినా, నోరేదీ ఇప్పుడు?"

లక్ష్మణమ్మ అరిచింది. వచ్చింది గాలి. ఆ గాలి విన్న ధనలక్ష్మి చేతికందిన రోకలి తీసి మొగుడి మోకాలి మీద వేసింది. ఎముక పలికింది. అతను పడ్డాక కూడా ఇంకో రెండు వేసింది. ఎవరూ అడ్డు రాలేదు. గోడవతల మగాళ్ళు అప్పుడూ చూస్తూనే ఉన్నారు.

అతన్ని ఆటోలో వేసుకుపోయాక ధనలక్ష్మి రోకలి గోడకు ఆనించింది. బొడ్డులోంచి చుట్ట తీసి, వెలిగించి, నిప్పు లోపలికి పెట్టుకుంది. లక్ష్మణమ్మ తడి ప్లేటు అంగిలికి నొక్కుకుని లేచి వచ్చింది. ఆ చుట్ట లాగి నేలకేసి తొక్కింది. గూట్లోని టార్చి తీసి వెలిగించి ఆమె గడ్డం పట్టుకుంది.

"పొద్దున్న కంచంలో ఆవకాయ పక్కకి నెట్టీసినావు. నాను సూడనేదనుకున్నావేటి? నోరు తెరువు."